తోడికోడలి పాలు

పెళ్ళయిన ఆరేళ్ళకు నాకు నెల తప్పింది. ఆ మాట అత్తతో చెబుదామని మేడ దిగేసరికి, కింద హాల్లో ఆమె అప్పటికే పొరుగింటివాళ్ళకు మైసూరుపాకు పంచుతోంది. మా తోడికోడలు కడుపుతో ఉందట. ఆమె ఆ ఇంట్లో అడుగుపెట్టి అప్పటికి నాలుగు నెలలే.

నా సంగతి విన్నాక అత్త సంతోషపడకపోలేదు. నా తల నిమిరి, "ఇద్దురు కోడళ్ళూ ఒకేసారి! ఇంకేం కావాల నాకు?" అని కళ్ళు తుడుచుకుంది. కానీ నా చేతిలో పెట్టడానికి పళ్ళెంలో విరిగిన ముక్కలే మిగిలాయి. ఆరేళ్ళు గుళ్ళూ ఆసుపత్రులూ తిరిగినదాన్ని నేను, ముందుగా మైసూరుపాకు తిన్నది ఊరివాళ్ళు ఆమె పేరు మీద. నా అసూయకు పునాది అదే అని ఇప్పుడు అనిపిస్తుంది.

మాది పట్నంలో చూలై పేటలో పాత ఇల్లు. ముందు భాగంలో ప్లాస్టిక్ సామాన్ల హోల్‌సేల్ కొట్టు, వెనక వంటిల్లూ హాలూ, పైన మా గదులు. కొన్ని తరాల కిందట నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. మామగారు పోయాక కొట్టును అన్నదమ్ములిద్దరూ చూసుకుంటున్నారు. పెద్దాయన మా ఆయన. నేను పుట్టి పెరిగింది కోడంబాక్కంలో. పెళ్ళికి ముందు నుంచీ అక్కడే ఒక డబ్బింగ్ స్టూడియోలో పని చేస్తున్నాను. అరవం నుంచి తెలుగులోకి వచ్చే సీరియళ్ళకు, తెర మీద పెదవుల కదలికకు మాటలు సరిపోతున్నాయా లేదా అని చూసే పని. మా తోడికోడలు తిరుత్తణి దగ్గర పిల్ల, నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. పెళ్ళికి ముందు టి. నగర్‌లో ఒక జాకెట్ల దుకాణంలో మగ్గం పని చేసేది. పెళ్ళయ్యాక మానేసింది.

ఆమె ముందు కన్నది. సులువైన కాన్పు, ఆడపిల్ల. నాకు ఎనిమిదో నెలలోనే రక్తపోటు పెరిగిపోయి ఆపరేషన్ చేసి బాబును తీశారు. వాడిని అద్దాల పెట్టెలో ఉంచారు. నేను లేచి వాడిని చూసేసరికే నర్సు గిన్నె, చెంచాతో వాడికి డబ్బాపాలు పడుతోంది. వాడి నోట్లోకి వెళ్ళిన మొదటి చుక్క నాది కాదు. ఆ గోడ మీద తల్లిపాల గొప్పతనం చెబుతూ బిడ్డను గుండెకు హత్తుకున్న తల్లి బొమ్మ ఒకటి ఉంది. ఆమె నవ్వుతోంది. నాకు ఆ బొమ్మ మీద కూడా కోపం వచ్చింది.

డాక్టరమ్మ మంచి మనిషి. "ముందు బిడ్డ బరువు పెరగాలమ్మా. ఏ పాలైనా పరవాలేదు" అంది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "మీ ప్రయత్నం మాత్రం ఆపకండి" అంది. ఈ రెండు మాటల మధ్య నేను నెలల తరబడి ఇరుక్కుపోయాను.

ప్రయత్నం అంటే ఏమిటో పిల్లల్ని కన్న ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు. అత్త ఒకే చట్టిలో ఇద్దరికీ సొరపిట్టు వండేది. సొరచేప తింటే బాలింతకు పాలు పడతాయని మావాళ్ళ నమ్మకం. వెల్లుల్లి నేతిలో వేయించి పెట్టేది, మెంతుల గంజి కాచేది. ఒకే చట్టి, ఒకే చేప. ఆమె తింటే పాలు పొంగేవి. నేను తింటే నా ఒంటి బరువు పెరిగింది. మా ఆయన పాలు తీసే మిషను కొనుక్కొచ్చాడు. దాన్ని పెట్టుకుని అరగంట కూర్చుంటే సీసా అడుగున తడి కనిపించేది. ఆ తడిని వేలితో తుడిచి బాబు నాలుకకు రాసేదాన్ని.

మా తోడికోడలు అలా కాదు. హాల్లో స్తంభానికి ఆనుకుని, టీవీ చూస్తూ, ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ పాలిచ్చేది. పాప ఎప్పుడు తాగడం మొదలుపెట్టిందో, ఎప్పుడు నిద్రపోయిందో ఆమెకు పట్టేది కాదు. నీళ్ళకు కొదవ లేని ఇంట్లో కొళాయి కట్టడం మరిచిపోయినట్టుగా ఉండేది ఆ ధోరణి. ఆమె గర్వపడి ఉంటే నాకు కొంత నయంగా ఉండేదేమో. గర్వపడాలని కూడా ఆమెకు తెలియదు. అది నన్ను ఇంకా కాల్చింది.

ఆసుపత్రిలో కాన్పయిన తల్లులందరినీ కలిపి ఎవరో వాట్సాప్ గ్రూపు పెట్టారు. ఆ గ్రూపులో రోజూ యుద్ధమే. తల్లిపాలు తాగని పిల్లలకు తెలివి తక్కువని ఒకావిడ రాస్తే, డబ్బాపాలు తాగి పెరిగిన తన పెద్ద పిల్లవాడి మార్కుల కార్డు ఇంకొకావిడ పెట్టేది. నేను డబ్బాపాల పక్షం తీసుకున్నాను. ఇంట్లో అత్త సణిగినప్పుడల్లా, "దాంట్లో బిడ్డకు కావాల్సిన సత్తువలన్నీ ఉంటాయత్తా. డాక్టరమ్మే చెప్పింది" అని వాదించేదాన్ని. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. బాబు నిజంగానే బరువు పెరుగుతున్నాడు, బుగ్గలు వస్తున్నాయి. కానీ ఆ మాటలు నా నోట అంత గట్టిగా వచ్చింది డబ్బా మీద నమ్మకంతో కాదు. ఎదురుగా స్తంభం దగ్గర ఆ పిల్ల కూర్చుని ఉండేది గనక.

అసూయ ఒకచోట ఆగే వస్తువు కాదు. మా ఆయనకు సీసా పట్టడం బాగా అలవాటైంది. కొట్టు కట్టేసి వచ్చి, చేతులు కడుక్కుని, "రారా నాయనా" అని వాడిని ఒళ్ళో వేసుకునేవాడు. వాడు సీసా పీలుస్తూ తండ్రి ముఖంలోకి కన్నార్పకుండా చూసేవాడు. ఆ చూపు నాది కావాల్సింది. "నువ్వు కాసేపు నడుం వాల్చు" అని ఆయన ప్రేమగా అంటే, నన్ను బయటికి పంపేస్తున్నట్టుగా వినపడేది.

ఒక మధ్యాహ్నం మా తోడికోడలు మా గదికి వచ్చింది. పాపను అప్పుడే పడుకోబెట్టినట్టుంది. గుమ్మంలోనే నిలబడి, "అక్కా, నాకు నిండిపోయి నొప్పిగా ఉండాది. బాబుకి నేను పట్టనా? ఇద్దురూ మన బిడ్డలే గదా" అంది.

ఆమె ముఖంలో ఏ కల్మషమూ లేదు. పక్కింటివాళ్ళకు పెరుగు తోడు ఇచ్చినంత మామూలుగా అడిగింది.

"వాడికి ఇప్పుడే పట్టినాను. కడుపు నిండే ఉండాది" అన్నాను.

ఉయ్యాల్లో బాబు పిడికిలి చప్పరిస్తున్నాడు. ఆమె వాడిని చూసింది, నన్ను చూసింది. "సరేక్కా" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

కొన్నాళ్ళకు ఆమెకు జ్వరం వచ్చింది. ఒకవైపు రొమ్ము ఎర్రబడి గట్టిపడింది. "రాయి మాదిరి ఉండాదత్తా, చెయ్యి పెట్టలేకుండా ఉండా" అని ఏడ్చింది. ఆ వైపు పాలు సరిగా రావడం లేదు. పాప ఆకలికి గుక్క పట్టింది. అత్త వంటింట్లోకి వెళ్ళి గుప్పెడు కల్లుప్పు, ఎండు మిరపకాయలు తెచ్చి ఆమె చుట్టూ తిప్పింది. తిప్పుతూ, "ఎవురి కన్నో పడ్డాది" అంది. హాల్లో ఉన్నది మేము ముగ్గురమే. తిప్పడం అయ్యాక నావైపు చూడకుండా, "నువ్వు కొంచేపు మీ గదిలోకి పోమ్మా. పాప పాలు తాగేటప్పుడు ఈడ ఎవురూ ఉండొద్దు" అంది.

నేను బాబునెత్తుకుని మెట్లెక్కాను. చదువుకున్నదాన్ని, అలాంటివి నమ్మనిదాన్ని, పైకి వెళ్ళి అద్దంలో నా కళ్ళు చూసుకున్నాను. నిజంగా నా కన్నే తగిలిందేమో అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణంలో భయంతో పాటు ఇంకేదో కూడా కలిగింది. ఆమె పాలు ఎండబెట్టేంత బలం నా చూపుకు ఉందా అని. అది సంతోషమని అనలేను. సంతోషానికి దూరపు చుట్టం లాంటిది.

డాక్టరు దగ్గరికి మరిది తీసుకెళ్ళాడు. మందులు వేసుకుని, వేడి కాపడం పెట్టుకుని, పాపకు ఆ వైపే ఎక్కువగా పట్టాక నాలుగైదు రోజుల్లో తగ్గిపోయింది. మళ్ళీ పాలు వచ్చాయి. మునుపటికంటే ఎక్కువే వచ్చాయేమో అనిపించింది నాకు.

ఆ ఏడు తుఫాను వచ్చింది. చూలైలో వాన పడితే నీళ్ళు నిలవడం కొత్త కాదు, మోకాలి దాకా చాలాసార్లు చూశాం. ఈసారి తెల్లవారేసరికి కొట్టు షట్టరు కిందనుంచి మురికినీళ్ళు లోపలికి వచ్చేశాయి. కరెంటు పోయింది. అన్నదమ్ములిద్దరూ గ్యాసు బండ, బియ్యం మూట, కొట్టులో సరుకు మేడ మీదికి మోశారు. వంటింటి అరల మీదివి తీశారు గానీ, గట్టు కింద అల్మారాలో ఉన్న పాలపొడి డబ్బా ఎవరికీ గుర్తు రాలేదు. నాకు కూడా. నేను పరుగున దిగేసరికి అది మూత ఊడి, మురికినీళ్ళలో పక్కకు ఒరిగి తేలుతోంది. తెల్లటి పొడి చుట్టూ ముద్దలుగా కట్టింది.

పైన గదిలో చిన్న గిన్నెలో ఉన్న పొడి ఆ పొద్దుటికి సరిపోయింది. మా ఆయన నడుము లోతు నీళ్ళలో మందుల కొట్టు దాకా వెళ్ళాడు. షట్టర్లన్నీ మూసి ఉన్నాయట. ఎదురింటి బాల్కనీలోకి కేకేసి అడిగాం. వాళ్ళింట్లో చంటిపిల్లలు లేరు. ఆవుపాల పాకెట్టు కూడా ఎవరి దగ్గరా లేదు. ఫోన్లు పని చేయడం లేదు.

మధ్యాహ్నానికి బాబు ఏడుపు మొదలుపెట్టాడు. మొదట కోపంగా ఏడ్చాడు. తర్వాత ఆ ఏడుపు సన్నబడింది. దాంతో నాకు ఇంకా భయం వేసింది. కాస్తో కూస్తో ఉంటాయేమోనని రొమ్ము పట్టాను. రెండుసార్లు చప్పరించి తల విదిలించి ఏడ్చాడు.

"అన్నం వార్చిన గంజి పట్టిద్దామా?" అంది అత్త.

"నాలుగు నెలల బిడ్డకు గంజేందిమా?" అన్నాడు మా ఆయన.

అందరం మేడ మీద ఒక్క గదిలోనే ఉన్నాం. మా తోడికోడలు గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. ఆమె ఎందుకు అలా కూర్చుందో నాకు కాసేపటికి తెలిసింది. నైటీ ముందు భాగం తడిసిపోయింది. ఆమె పాప నిద్రపోతోంది. నా కొడుకు ఏడుపుకు ఆమె పాలు చేపాయి. నా కొడుకు పిలిస్తే ఆమె ఒళ్ళు పలికింది, నాది పలకలేదు. అది నాకు కనపడకూడదని ఆమె తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని గోడకు తిరిగింది. తను అడిగితే నేను ఏమంటానో ఆమెకు తెలుసు. అత్త ఏదో అనబోయింది. మా ఆయన ఆమెను చేత్తో ఆపాడు. అందరూ నావైపు చూడకుండా నా మాట కోసమే ఉన్నారు.

నేను లేచి వెళ్ళి ఆమె ఎదుట కూర్చున్నాను. బాబును ఆమె ఒళ్ళో పెట్టాను.

"పట్టు" అన్నాను.

మగవాళ్ళిద్దరూ మెట్ల మీదికి వెళ్ళిపోయారు. బాబుకు రబ్బరు పీక తప్ప తెలియదు. మొదట నోరు తిప్పుకున్నాడు, కాళ్ళు తన్నాడు. ఆమె ఏమీ కంగారు పడలేదు. "దా నాన్నా, దా దా" అంటూ వాడి పెదవుల మీద పాలు చిందేట్టు పట్టుకుంది. వాడు నాకాడు. ఆగాడు. నోరు తెరిచాడు. ఒక్కసారిగా ఎక్కువ వచ్చేసరికి ఉక్కిరిబిక్కిరై దగ్గాడు, మళ్ళీ పట్టుకున్నాడు. ఆ తర్వాత గదిలో గుటకల చప్పుడు తప్ప ఏమీ లేదు.

నేను లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. వాడి పిడికిలి మెల్లగా విచ్చుకుని ఆమె రొమ్ము మీద ఆనడం చూశాను. కనురెప్పలు మూసుకుపోవడం చూశాను. బతికాడు నా బిడ్డ అనే ఊరట గుండె నిండా ఉంది. దాని పక్కనే, ఏమాత్రం చోటు తగ్గకుండా, వాడిని ఆమె ఒళ్ళోంచి లాగేసుకోవాలన్న కోరిక కూడా ఉంది. రెండూ ఒకేసారి ఉండగలవని అంతకు ముందు నాకు తెలియదు. ఆమె నా ముఖంలోకి చూడలేదు. చూడకుండా ఉండటం ఆమె నాకు చేసిన మర్యాద. దానికి కూడా నేను ఓర్వలేకపోయాను.

నీళ్ళు తగ్గడానికి సమయం పట్టింది. పడవ మీద వచ్చినవాళ్ళు బ్రెడ్డు, మంచినీళ్ళ పాకెట్లు, కొవ్వొత్తులు ఇచ్చి వెళ్ళారు. అందులో చంటిపిల్లల పాలపొడి లేదు. అన్నాళ్ళూ బాబు ఆమె దగ్గరే తాగాడు. నేను వాడిని తెచ్చి ఒళ్ళో పెట్టేదాన్ని, అయ్యాక తీసుకుని భుజాన వేసుకుని త్రేన్పించేదాన్ని. ఇద్దరికీ సరిపోవాలని అత్త ఆమెకు ఉన్నదంతా పెట్టేది. ఇద్దరు పిల్లలకు ఇచ్చి మా తోడికోడలి కళ్ళు గుంటలు పడ్డాయి. అయినా ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

దారి తెరుచుకోగానే మా ఆయన పురసైవాక్కం దాకా నడిచి వెళ్ళి డబ్బా తెచ్చాడు. ఆ పూటే సీసా కలిపాను. బాబు పీకను నాలుకతో బయటికి నెట్టేశాడు. పక్క గదిలో మా తోడికోడలు పాపతో ఏదో అంటోంది. ఆ గొంతు వినపడేవైపు వాడు తల తిప్పాడు. నేను తలుపు వేసేశాను. చాలాసేపటికి, అలిసిపోయి, వాడు సీసా తాగాడు.

సెలవు అయిపోయి నేను స్టూడియోకు వెళ్ళడం మొదలుపెట్టాను. పగలు బాబును అత్తే చూసుకునేది, సీసా ఆమే పట్టేది. "నా కర్మ, ఈ వయసులో డబ్బాలు కలపతా ఉండా" అని గొణుగుతూనే అన్నీ శుభ్రంగా చేసేది.

ఒక ఆదివారం మేడ మీద నేనూ మా తోడికోడలూ పిల్లల గుడ్డలు ఆరేస్తున్నాం. ఆమె ఉన్నట్టుండి, "నీకు పాలు పడకపోవడమే మంచిదయిందక్కా" అంది.

నా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "ఏమన్నావు?"

"కోపం చేసుకోవద్దు. పొద్దున నువ్వు బ్యాగు తగిలించుకుని మెట్లు దిగతావు గదా, నేను పాపకు పాలిస్తా ఆ చెప్పుల చప్పుడు వింటా ఉంటాను. నాకు కడుపు మండిపోతాది."

"నీకా?"

"అవునక్కా. శానా రోజుల్నించి." తాడు మీద గుడ్డను లాగి సరిచేసింది. "టి. నగర్ దుకాణం నడిపే అక్క నాలుగుసార్లు ఫోన్ చేసింది. పెళ్ళిళ్ళ సీజనంట, నా చేతి పని కావాలని అడగతా ఉండారంట. అత్తనడిగితే, పాలుండే తల్లివి, బిడ్డ నోట్లో డబ్బా పెడతావా అంటాది. మీ మరిదీ అదే పాట. నీకు లేవు గాబట్టి నిన్ను ఎవురూ అడగలా. నాకు ఉండాయి గాబట్టి కట్టేసినారు."

నాకు మొదట వచ్చింది కోపమే. పుట్టెడు ఆకలితో ఉన్నవాడి ఎదుట కూర్చుని, తినీ తినీ విసుగొచ్చిందని చెప్పినట్టుంది. వీటి కోసం నేను ఎన్ని సొరచేపలు తిన్నాను, ఎన్ని అరగంటలు ఆ మిషను పెట్టుకుని కూర్చున్నాను! తర్వాత, ఆ కోపం కిందినుంచి, ఇంకొకటి పైకి వచ్చింది. ఈమె నన్ను చూసి కుళ్ళుకుంటోంది. ఇన్నాళ్ళుగా. నాకు ఎంత తృప్తి కలిగిందంటే అది ముఖంలో కనపడుతుందేమోనని క్లిప్పులు పెట్టడంలో మునిగిపోయాను.

ఆమెకు నేను ఏ ఓదార్పూ చెప్పలేదు. కానీ ఆ తర్వాత పొద్దున్నే ఆమె గది ముందు నుంచి వెళ్ళేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని దిగడం మొదలుపెట్టాను. జాలితోనో, ఆమె కన్ను నా పనికి తగలకూడదనో, నాకే తెలియదు.

పాపకు ఆరో నెల దగ్గర పడుతుండగా ఆమె మళ్ళీ మా గది గుమ్మంలోకి వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి కూర్చుంది.

"డబ్బాపాలు ఎట్ట కలపాలో చూపించక్కా."

"అత్తకు తెలుసా?"

"రేపు తెలస్తాది."

చూపించకూడదనుకున్నాను. ఉన్న పాలు పారబోసుకోవడానికి నా చెయ్యెందుకు అనుకున్నాను. అయినా లేచి నీళ్ళు కాచాను. గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలని, పొడి చెంచా మీద గోపురంగా కాకుండా సమంగా గీసి వేయాలని, మిగిలింది దాచకుండా పారబోయాలని చెప్పాను. "మిషనుతో పాలు తీసిపెట్టు. అవి ఉన్నంతసేపు అవే పట్టొచ్చు, చాలకపోతేనే ఇది" అని నా మిషను కూడా ఇచ్చాను. ఆమె మొదటిసారి దాన్ని పెట్టుకున్నప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. సీసా చకచకా నిండింది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి వీధి చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు ఇంట్లో పెద్ద గొడవ. అత్త హాల్లో నిలబడి, "ఇది నువ్వు నేర్పినావా?" అని నన్నడిగింది.

"అడిగింది, చూపించినాను."

"అక్క బిడ్డ డబ్బాపాలతోనే గదత్తా పెరిగినాడు. వాడికేం తక్కువ?" అంది మా తోడికోడలు.

"వాడికి వేరే గతి లేక!" అంది అత్త.

ఆ మాట గుచ్చుకుంది. బాబు అప్పుడు అత్త చంకలోనే ఉన్నాడు, ఆమె ముక్కుపుడక లాగుతున్నాడు. "గతి లేనిదాని బిడ్డేనత్తా నీ చంకెక్కి గంతులేస్తా ఉండేది. వాడి తొడలు చూడు ఒకసారి" అన్నాను. ఆ ఇంట్లో నేను గొంతెత్తి మాట్లాడటం అదే మొదలు. మా ఆయనకు నవ్వు ఆగలేదు. అత్తకు కోపం ఆగలేదు. కానీ బాబు తొడను ఆమె చెయ్యి దానంతటదే నిమిరింది.

పాప మాత్రం సీసా ముట్టలేదు. తల్లి ఇస్తే అసలు పాలు పక్కనే ఉన్నాయని తెలిసి ఏడ్చేది. నేను ఇస్తే నోరు బిగించేది. మూడు రోజులు చూశాక మా తోడికోడలు, "నా వల్ల కాదక్కా, నేను పనికి పోను" అని కూలబడింది. అప్పుడు అత్త వంటింట్లోంచి వచ్చి, "ఇటియ్యండి. ఇద్దురూ ఇద్దురే" అని పాపను ఒళ్ళో వేసుకుంది. అరిచేతితో సీసా వెచ్చదనం చూసి, ఏదో పాత లాలి గొణుగుతూ, పీకతో పెదవి మీద నెమ్మదిగా రాసింది. పాప తాగింది. సగం తాగి ఆగి, అత్త ముఖంలోకి చూసి, మిగతాదీ తాగింది.

వారం తిరిగేసరికి అత్త ఎదురింటావిడతో, "నా చేత్తో ఇస్తేనే తాగతాది. వాళ్ళమ్మిస్తే మూతి తిప్పుకుంటాది" అని చెప్పడం నేను బాల్కనీలోంచి విన్నాను. డబ్బాపాల మీద ఆమె పాత మాటలన్నీ ఎటు పోయాయో తెలియదు. ఆదివారం నేను నా కొడుక్కి సీసా పట్టబోయినా, "నీకు వాటం తెలీదు, ఇటియ్యి" అని లాక్కునేది. ఆ ఇంట్లో కుళ్ళుకోవడానికి ఇంకొకరు తోడయ్యారని లోలోపల నవ్వుకున్నాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. వాడు సీసా తాగుతూ ఇప్పుడు చూసేది ఆమెను.

మా తోడికోడలు పనికి వెళ్ళిన మొదటి రోజు ఇద్దరం కలిసే ఎగ్మూర్ స్టేషనుకు నడిచాం. ఆడవాళ్ళ పెట్టెలో చోటు దొరికింది. ఆమె చీర కట్టుకుని, జడలో మల్లెపూలు పెట్టుకుని, పెళ్ళికి ముందు ఎలా ఉండేదో అలా ఉంది. చెట్‌పట్ దాటాక ఆమె నావైపు వంగి నెమ్మదిగా అడిగింది.

"అక్కా, ఇట్ట రోజంతా ఇయ్యకపోతే పాలు ఆగిపోతాయా? ఆగిపోయేటప్పుడు ఎట్ట ఉంటాది?"

ఆమె కళ్ళలో భయం ఉంది. పాప కోసమో, తన కోసమో.

"నాకేం తెలుసు? నాకు రావడమే సరిగా రాలేదు గదా" అన్నాను.

మంట లేకుండా అన్నానని చెప్పను. కొంచెం ఉంది. ఆమె తల వంచుకుంది. అప్పుడు నేను, "మధ్యాహ్నం దుకాణంలో ఏదన్నా గది అడిగి మిషను పెట్టుకో. సాయంత్రం పోంగానే పాపకు పట్టు. అట్ట చేస్తే ఆగవంటారు" అన్నాను. "అత్త అడ్డమొస్తే నేను చెప్తాలే."

ఆమె సరేనంది. బ్యాగులో మిషను ఉందో లేదో తడిమి చూసుకుంది. కోడంబాక్కం వచ్చింది. నేను దిగి వెనక్కి తిరిగేసరికి ఆమె నా సీట్లోకి, కిటికీ పక్కకు జరిగి కూర్చుంది. టి. నగర్‌కు ఆమె దిగాల్సింది తర్వాతి స్టేషను మాంబళంలో. రైలు కదిలింది. నేను ఓవర్‌బ్రిడ్జి మెట్లెక్కి స్టూడియోకు నడిచాను.